సరిహద్దు నుంచి రావాల్సిన ఓటు

శ్రోతలందరికీ నమస్కారమండి. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలోనూ, మన పల్లెల రోడ్ల మీదా తెల్లారకముందే ఆర్మీ సెలక్షన్ కోసం పరుగెట్టే కుర్రాళ్ళని చూస్తూనే ఉంటారు కదా. రేపు వాళ్ళు లడఖ్‌లో డ్యూటీలో ఉండగా ఇక్కడ ఎలక్షన్ వస్తే వాళ్ళ ఓటు ఏమవుద్ది?

ఇది పాత ప్రశ్నే. అమెరికాలో 1864లో అంతర్యుద్ధం మధ్యలోనే ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది, అప్పటి ప్రెసిడెంటు లింకన్ మీద నిలబడింది ఆయన పక్కనపెట్టిన సేనాపతి మెక్‌క్లెల్లనే. చాలా రాష్ట్రాలు చట్టాలు మార్చి క్యాంపుల్లోనే ఓట్లు వేయించాయి, ఇండియానా మాత్రం ఒప్పుకోలేదు, దాంతో లింకన్ జనరల్ షెర్మన్‌కి ఉత్తరం రాసి, ఇబ్బంది లేకపోతే ఆ రాష్ట్రం సిపాయిల్ని సెలవు మీద పంపమని అడిగారు. విడిగా లెక్కపెట్టిన సైనికుల ఓట్లలో దాదాపు 78 శాతం లింకన్‌కే పడ్డాయండి! లింకన్ గెలిస్తే యుద్ధం సాగుద్ది, సాగితే పోయేది తమ ప్రాణాలే అని తెలిసి కూడా వేశారు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, బ్రిటన్‌లో 1945 జులై 5న పోలింగ్ జరిగితే ఫలితాలు 26న చెప్పారు. ఎందుకంటే దేశదేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు రావాలి కదా, అందుకని ప్రధాని చర్చిల్ అంతటాయన కూడా మూడు వారాలు ఆగారు, ఆగి ఓడిపోయారు. సిపాయి ఓటు కోసం దేశమంతా ఆగడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కానీ అదే యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది సైన్యంలో ఉన్నారు, బర్మాలో, ఇటలీలో పోరాడారు, వాళ్ళ సొంత దేశంలో మాత్రం మామూలు జనానికి ఆస్తో పన్నో చదువో ఉంటేనే ఓటు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుద్ది.

ఇప్పుడు మన జవానుకి సర్వీస్ ఓటరు హక్కుంది, అంటే ఎక్కడ డ్యూటీలో ఉన్నా సొంతూరి ఓటు అక్కణ్ణుంచే వేయొచ్చు. 2016 నుంచి బ్యాలెట్‌ని ఆన్‌లైన్లో పంపుతున్నారు, ప్రింటు తీసి, ఓటేసి పోస్టులో పంపితే కౌంటింగ్ మొదలయ్యే టైముకి ఇక్కడికి చేరాలి, లేటయితే లెక్కలోకి రాదు. 2003 నుంచి ప్రాక్సీ కూడా ఉంది, అంటే తన బదులు ఓటేయడానికి తన నియోజకవర్గంలోనే ఉన్న తండ్రినో అన్ననో పెట్టుకోవచ్చు, ఆ ఓటుకి సిరా ఎడమచేతి మధ్యవేలికి పూస్తారు.

మీ ఇంట్లో ఎవరైనా ఫోర్సులో ఉంటే ఈసారి ఫోన్లో అడగండి, సర్వీస్ ఓటరుగా పేరు నమోదుకి ఫారం 2 నింపి యూనిట్లో ఇచ్చాడా లేదా అని. భార్య కూడా తనతోనే ఉంటే ఆవిడ పేరూ అందులోనే రాయించాలి.