జీతం ఎంత కావాలో ముందే చెప్పేశారా? ఆఫర్ వచ్చాక ఇలా అడగండి

[స్క్రీన్ మీద ఒకటే అంకె: 100]

మొదటి ఫోన్ కాల్. ఇంటర్వ్యూలు ఇంకా మొదలే కాలేదు. "మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?" అని హెచ్‌ఆర్ అడిగారు, మీరు ఒక అంకె చెప్పేశారు. కరెన్సీ ఏదైనా సరే, 100 అనుకుందాం. రౌండ్లన్నీ అయ్యాక, పని ఎంతుందో తెలిశాక, తక్కువ చెప్పేశానే అనిపించింది. ఈలోగా ఆఫర్ వచ్చింది. సరిగ్గా 100.

నోటితో చెప్పాక మళ్లీ ఎలా అడుగుతాం అని చాలామంది ఇక్కడే సంతకం పెట్టేస్తారు. నన్నడిగితే ఆ మొహమాటం అనవసరం. మీరు అప్పుడు చెప్పింది అంచనా మాత్రమే. అయితే "ఆలోచిస్తే తక్కువనిపించింది, పెంచండి" అంటే ఎవరూ పెంచరు. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చూపించగలగాలి.

[స్క్రీన్ మీద తిరిగే చక్రం: 10, 65]

ముందుగా, తొలి అంకెకు అంత పట్టు ఎందుకో చూద్దాం. ఆమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ఒక ప్రయోగం గురించి రాశారు. కొందరి ముందు అంకెల చక్రం తిప్పి, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం ఉంటాయని అడిగారు. చక్రం మీద 10 చూసినవాళ్ల అంచనాల మధ్యస్థం 25. 65 చూసినవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకీ ఏ సంబంధమూ లేదు, అయినా జవాబు అటే లాగింది. దీన్నే యాంకరింగ్ అంటారు.

మీరు చెప్పిన 100 కూడా ఇలాగే కంపెనీని పట్టుకుంటుంది, అంతకంటే గట్టిగా మిమ్మల్నే పట్టుకుంటుంది. 105 అడగాలన్నా అత్యాశేమో అనిపిస్తుంది. 2001లో ఆడమ్ గలిన్‌స్కీ, థామస్ ముస్‌వైలర్ చేసిన పరిశోధనలో ఒక ఉపాయం దొరికింది. తొలి అంకె విన్నవాళ్లు అవతలి పక్షానికి ఉన్న ప్రత్యామ్నాయాల మీదో, తమ సొంత లక్ష్యం మీదో దృష్టి పెడితే ఆ పట్టు సడలిపోయింది. మీ విషయంలో అయితే ఇలా ఆలోచించండి: మీరు కాదంటే వాళ్లేం చేస్తారు? మళ్లీ రెజ్యూమెలు, మళ్లీ ఇంటర్వ్యూలు, మళ్లీ నెలల ఆలస్యం. ఆఫర్ ఇచ్చారంటే వాళ్లు మిమ్మల్ని ఎంచుకోవడం అయిపోయింది. మీ మాటకు అన్నిటికంటే బలం ఉండేది అప్పుడే.

[స్క్రీన్ మీద: ఫిక్స్‌డ్ 85 + వేరియబుల్ 15]

ఇక అసలు పని. ఆఫర్ రాగానే ఓకే అనొద్దు. "థ్యాంక్స్ అండీ, వివరాలన్నీ రాతపూర్వకంగా పంపితే చూసుకుని చెబుతాను" అనండి. ఆ కాగితంలోనే సగం కారణాలు దొరుకుతాయి. మీరు 100 అన్నప్పుడు మీ మనసులో ఉన్నది ఫిక్స్‌డ్ జీతం. వాళ్లు లెక్కేసింది మొత్తం ప్యాకేజీ. అందులో 15 వేరియబుల్, అంటే టార్గెట్లు అందితేనే వస్తుంది. చేతికి ఖాయంగా వచ్చేది 85 మీద లెక్క. ఇక్కడ మీరు మాట మార్చడం లేదు, ఇద్దరూ ఒకే అంకెను రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు, అంతే.

మిగతా సగం ఇంటర్వ్యూల్లో ఉంటుంది. మొదట చెప్పిన పనికి తోడు టీమ్‌ని చూసుకోవాలన్నారా? రాత్రిళ్లు ఆన్-కాల్, అంటే ఎప్పుడు పిలిచినా పని చేయాల్సిన డ్యూటీ, ఉందా? వాళ్లు రమ్మన్న తేదీకి చేరాలని ఇప్పటి ఉద్యోగాన్ని నోటీస్ పీరియడ్ మధ్యలో వదిలేస్తే అక్కడి బోనస్ పోతుందా? ఇవన్నీ మొదటి కాల్‌లో మీకు తెలియని విషయాలు. రాసుకోండి.

తర్వాత ఒక మెయిల్:

"ఆఫర్‌కి ధన్యవాదాలు. ఈ ఉద్యోగంలో చేరాలని నాకు గట్టిగా ఉంది. మొదట మాట్లాడినప్పుడు నేను 100 అన్నాను. అది ఫిక్స్‌డ్ జీతం అనుకుని, టీమ్ బాధ్యత ఉంటుందని తెలియక చెప్పిన అంకె. ఇప్పుడు వివరాలన్నీ చూశాక, ఫిక్స్‌డ్ 96 అయితే వెంటనే ఒప్పుకోగలను. వీలవుతుందా?"

పాత అంకెను దాచకుండా మనమే ఎత్తాం చూడండి. వాళ్లు ఎత్తితే సంజాయిషీలా ఉంటుంది, మనమే ఎత్తితే వివరణ అవుతుంది. ఇక "వెంటనే ఒప్పుకోగలను" అన్న మాటను తీసేయకండి. సాధారణంగా పెంచే అధికారం హెచ్‌ఆర్ ఒక్కరి చేతిలో ఉండదు, మేనేజర్ దగ్గరో ఫైనాన్స్ దగ్గరో అనుమతి తెచ్చుకోవాలి. తెచ్చాక మీరు మళ్లీ ఇంకో అంకె అంటే వాళ్ల పరువు పోతుంది. అందుకే అడిగేది ఒక్కసారే, అన్నీ కలిపి.

చేతిలో లేని ఆఫర్ ఉన్నట్టు మాత్రం చెప్పకండి. "ఆ లెటర్ పంపండి" అంటే అక్కడితో సరి.

మరి నిజంగా ఏమీ మారకపోతే? మార్కెట్ తెలియక తక్కువ చెప్పారంతే అనుకోండి. అప్పుడు ఆధారం బయట వెతకాలి. కొన్నిచోట్ల చట్టమే సాయం చేస్తుంది. అమెరికాలోని కొలరాడోలో 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం రేంజ్ ఇవ్వాలి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన ఆదేశం కూడా అభ్యర్థులకు రేంజ్ తెలుసుకునే హక్కు ఇస్తుంది. మీరున్న చోట అలాంటిది లేకపోతే "ఈ పోస్టుకి మీ రేంజ్ ఎంతండీ?" అని సూటిగా అడగండి. మీ 100 ఆ రేంజ్‌లో అడుగున ఉందని తేలితే, మీ అనుభవానికి మధ్యలో ఉండాలని అడగడం న్యాయమే.

కుదరదన్నారా? ఆ పోస్టుకి జీతం రేంజ్ బిగిసి ఉన్నా జాయినింగ్ బోనస్, సెలవులు, ఇంటి నుంచి పని లాంటి వాటికి చోటుండొచ్చు. నేనైతే ముందు ఆరు నెలలకు జీతం సమీక్ష అడుగుతాను, అదీ ఆఫర్ లెటర్‌లో రాసి ఇస్తేనే.

ఒకవేళ ఫోన్‌లో "సరే, 96 చేస్తాం" అంటే సంతోషించండి, కానీ ఆ రోజే రాజీనామా పెట్టకండి. సవరించిన లెటర్ వచ్చాక, ఫిక్స్‌డ్ దగ్గర 96 ఉందో లేదో చూసుకుని, అప్పుడు పెట్టండి.