కనిపించినంత మేరకే వేగం

మిత్రులారా,

స్పోర్ట్ బైకు కొన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజున వేసుకునే ప్రశ్నే ఈనాటి నా విషయం. అందరూ తిరిగే రోడ్డు మీద దీన్ని ఎంత గట్టిగా నడపవచ్చు? అసలు గట్టిగా నడపనే కూడదని పెద్దలు చెప్పే జవాబును నడిపేవాళ్లెవరూ చెవిన పెట్టరు. చేతనైనంత గట్టిగా నడపవచ్చునని కుర్రాళ్లు తమలో తాము చెప్పుకునే జవాబు ప్రాణాలు తీస్తోంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. నా జవాబు వేరు. వేగాన్ని నిర్ణయించవలసింది మన నైపుణ్యం కాదు, బండి సత్తా అంతకన్నా కాదు. ముందున్న రోడ్డు ఎంత మేర కంటికి కనిపిస్తోందన్నదే. కనిపించే దూరంలోపు ఆగగలగాలి. ఎదురుగా బండి వస్తే తప్పుకోవడానికి చోటు లేని ఇరుకు రోడ్డయితే, అవతలివాడికీ ఆగడానికి చోటు కావాలి గనుక, అందులో సగంలోనే ఆగగలగాలి.

గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు అందుకునేలోపు ఒక్క సెకను గడిచిందనుకున్నా ఆ 28 మీటర్లు పోయినట్టే. ఆపైన పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, అనుభవమున్నవాడు గట్టిగా బ్రేకు వేసినా మరో 50 మీటర్లు పడుతుంది. అదే 140లో ఉంటే మొదటి సెకనుకు 39 మీటర్లు, బ్రేకుకు 98 మీటర్లు, వెరసి 137. వేగం 40 శాతమే పెరిగినా బ్రేకు దూరం దాదాపు రెట్టింపయింది, ఎందుకంటే ఆ దూరం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. మధ్యలో డివైడరున్న నాలుగు వరుసల రహదారి మీద మోటారు సైకిళ్లకు 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం 80. వెయ్యి సీసీ బైకు మొదటి గేరులోనే దాన్ని దాటేస్తుంది కాబట్టి, బండి సత్తాను కొలమానంగా పెట్టుకోవడం మొదటి గేరులోనే అర్థం లేని పని అవుతుంది.

అసలు సమస్య మలుపుల్లో ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లే మనలో చాలామందికి శ్రీశైలం దారి తెలుసు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి ప్రవేశించి, దోమలపెంట తర్వాత డ్యామ్ వైపు దిగే ఘాట్‌ను తలచుకోండి. 30 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును 40లో తీసుకుంటే, రైడర్‌తో కలిపి బండి సుమారు 23 డిగ్రీలు వంగితే చాలు. 62లో తీసుకుంటే 45 డిగ్రీలు వంగాలి. టైరు పట్టును చేతిలో ఉన్న డబ్బు అనుకుంటే, ఆ కోణంలో దాదాపు అంతా వంగడానికే ఖర్చయిపోయి, బ్రేకు వేయడానికి రూపాయి కూడా మిగలదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) తప్పనిసరి అయింది, అది మంచి పనే. కానీ సాధారణ ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుందే తప్ప, బండి ఎంత వంగి ఉందో దానికి తెలియదు, లేని పట్టును అది తెచ్చి ఇవ్వలేదు.

ఆ మలుపు వెనుక ఏముంటుందో మనందరికీ అనుభవమే. వానకు కొట్టుకొచ్చిన ఇసుక, నిండు ట్యాంకు లారీ నుంచి ఒలికిన డీజిల్, తిరగడానికి రోడ్డంతా తీసుకోక తప్పని ఆర్టీసీ బస్సు, యాత్రికులు వేసే అరటిపళ్లకు అలవాటుపడి రోడ్డు మధ్యన కూర్చున్న కోతులు. మైదానానికి వస్తే కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు, వాటి చుట్టూ అంచుకు పేర్చిన రాళ్లు. వీటిలో ఏదీ వింత కాదు, ఏదీ దురదృష్టం కాదు. ఇవన్నీ ఉండేదే మన రోడ్డు, వీటిని లెక్కలోకి తీసుకోని వేగం తప్పు వేగం.

చాలామంది గమనించని విషయం మరొకటి. కుడివైపు మలుపులో బాగా వంగినప్పుడు టైర్లు మధ్య గీతకు ఇవతలే ఉన్నా, తల, భుజం గీత దాటి ఎదుటి వరుసలోకి వెళ్తాయి. నేను గీత దాటలేదని మనం నమ్ముతూ ఉండగానే మన హెల్మెట్ ఎదురుగా వచ్చే లారీ దారిలో ఉంటుంది. కాబట్టి కుడి మలుపులో గీతకు కనీసం ఒక మీటరు ఇవతల నడపాలని నేను పట్టుబట్టి చెబుతాను, మలుపును అత్యంత వేగంగా దాటే గీతను నేర్పే రేసింగ్ లైన్ పాఠాలు ఏమన్నా సరే. ఆ పాఠాలు ఎదురు వాహనాలు లేని చోటికి రాసినవి.

వేగంగా వెళ్తేనే ప్రమాదమన్నది కూడా పూర్తి సత్యం కాదు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు 900 మోటారు సైకిల్ ప్రమాదాలను ఘటనా స్థలాల్లోనే పరిశీలించి 1981లో వెలువరించిన నివేదికలో, ప్రమాదానికి ముందు బళ్ల మధ్యస్థ వేగం గంటకు 48 కిలోమీటర్లే. మరో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు, అవతలి డ్రైవరు బైకుకు దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవి. అంటే మనం చూడటంతో పాటు మనల్ని ఇతరులు చూడగలగాలి. పొలం గట్టు నుంచి రోడ్డెక్కే ట్రాక్టరు నడిపే రైతు, దూరాన సన్నగా కనిపించే హెడ్‌లైటు చూసి, మామూలు బండి వేగాన్నే ఊహించుకుంటాడు. 120లో వచ్చే మనం ఆ ఊహను తలకిందులు చేస్తాం. తప్పు అతనిదని తర్వాత వాదించినా, ఆ తప్పుకు చోటు లేకుండా చేసింది మనమే.

అయితే ఆనందం వదులుకోవాలా? అక్కర్లేదు. మలుపు రాకముందే గేరు ఎంచుకుని, బండి నిటారుగా ఉండగానే బ్రేకు ముగించి, చూపును మలుపు చివరకు పంపి, యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టి ఒకే గీతలో బయటకు రావడంలోని తృప్తి 45లోనూ దక్కుతుంది, నిజానికి ఆ వేగంలోనే దాన్ని నేర్చుకోగలం. ప్రతి మలుపు ముందూ గట్టిగా బ్రేకు నొక్కవలసి వస్తోందంటే, అంతకుముందు తిన్నని రోడ్డులో అనవసరంగా వేగం పెంచామన్నమాట. మలుపులో వంగి మోకాలు నేలకు తాకించాలన్న కోరికను నేను తప్పుపట్టను, దానికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులు ఉన్నాయి. అక్కడ అందరూ ఒకే దిశలో వెళ్తారు, జారితే ఆగడానికి ఖాళీ స్థలం ఉంటుంది, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యంగా వచ్చినవారందరూ ఆ ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకుని వచ్చినవారు. శ్రీశైలం బస్సులో కూర్చున్న ముసలమ్మ మన పందేనికి ఒప్పుకోలేదు.

చివరిగా గుంపు రైడ్ల మాట. ఒంటరిగా నిదానంగా నడిపేవాడు కూడా ముందువాడి టెయిల్ లైటు కనుమరుగవుతుంటే తన కంటికి కనిపించే దూరాన్ని మరిచి, అవతలివాడి వేగాన్ని అరువు తెచ్చుకుంటాడు. అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు గనుక, తిరుగు ప్రయాణంలో గేటు మూసేలోపు దాటాలన్న తొందర దీనికి తోడవుతుంది. అందుచేత వచ్చే రైడ్‌కు నాదొక ప్రతిపాదన: మన్ననూరులో బయలుదేరేటప్పుడే దోమలపెంటలో కలుద్దామని చెప్పుకుందాం, మధ్యలో ఎవరి వెనుకా ఎవరూ పడవద్దు, అందరికన్నా చివర అనుభవమున్న ఒకరు రావాలి, ముందు చేరినవారు చివరి మనిషి వచ్చేదాకా ఇంజన్ ఆపి ఉండాలి, మధ్యాహ్నం 3 దాటితే శ్రీశైలంలో ఎక్కడున్నా తిరుగుముఖం పట్టాలి. సమ్మతమైనవారు ఈ సభ ముగిశాక పేర్లు ఇవ్వండి.