గూడు చూపించి గబ్బిలాన్ని దాచొద్దు

వేదిక మీదున్న పెద్దలకీ, ఎదురుగా కూర్చున్న పిల్లలకీ, ఈ లైబ్రరీని ఇన్నేళ్ళు కాపాడుకుంటూ వచ్చినవాళ్ళకీ నమస్కారం. పేరుపేరునా చెప్తూ పోతే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోద్ది, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన టాపిక్ తెలుగు పద్యంలో ప్రకృతి. పోతన దగ్గర మొదలుపెట్టి నలుగురు కవుల గురించి చెబుదామని ఇంటి దగ్గర రాసుకునే వచ్చాను. కానీ ఇందాక ఆ పాప జాషువా గారి గిజిగాడు పద్యం పాడింది చూశారా, అది విన్నాక ఆ కాగితం మడిచి జేబులో పెట్టేశాను. ఇవాళ జాషువా గురించే మాట్లాడతాను.

ఇదిగో, ఇది గిజిగాడి గూడు. మా చేలో బావి మీదకి వంగిన తుమ్మచెట్టు నుంచి గాలివానకి రాలింది, పిల్లలకి చూపిద్దామని తెచ్చాను. ముందు వరసలో వాళ్ళు ముట్టుకుని చూసి వెనక్కి పంపండి, జాగ్రత్త. తాటాకుని దారంలా చీల్చి ఒక్కో పోగూ ముక్కుతోనే ముడేసింది. లోపల వేలు పెట్టి చూడండి, మట్టి మెత్తింది, గోరుతో గీకితే పొడి రాలుద్ది. కడుతున్నది మగపిట్ట. ఆడపిట్టకి నచ్చకపోతే సగం కట్టింది అక్కడే వదిలేసి మళ్ళీ ఇంకోటి మొదలుపెడతది. జాషువా దీన్ని ఎంతసేపు చూసుంటాడో ఆలోచించండి, ఊరికే చెట్టు కింద నుంచి నడిచిపోయేవాడు రాసే పద్యం కాదది.

సరే, ఇంతవరకూ అందరికీ ఇష్టమే. పిట్ట గురించి రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు నా బాధ చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఒక ఊళ్ళో, ఊరి పేరు ఎందుకులెండి, జాషువా జయంతికి పిలిచారు. స్టేజి ఎక్కబోతుంటే ఒకాయన పక్కకి తీసుకెళ్ళి "మాస్టారూ, గిజిగాడు చెప్పండి, సాలీడు చెప్పండి, శ్మశానవాటిక పాడండి, గబ్బిలం జోలికి మాత్రం పోవద్దు, గుడి కమిటీ వాళ్ళు కూడా వచ్చారు" అన్నాడు. గబ్బిలం అంటే, గుళ్ళోకి రానివ్వని ఒక మనిషి గబ్బిలం చేత శివుడికి కబురు పంపే జాషువా కావ్యం. నేను దాన్ని పాడలేదండీ. మొహమాటపడ్డాను. గిజిగాడు చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను. ఆ శాలువా ఇంతవరకూ కప్పుకోలేదు. అందుకే ఇవాళ ఇక్కడ చెప్తన్నా, మీరు వద్దన్నా చెప్తా.

మా అమ్మ మిరపచేలకి కూలికి పోయేది. 66లోనో 67లోనో, నాకు ఎనిమిదేళ్ళుంటాయి. శివరాత్రికి మా ఊరి శివాలయం దగ్గరికి తీసుకెళ్ళింది. దగ్గరికి అంటే బజారు అవతల చింతచెట్టు కింద దాకా. చట్టం వచ్చింది కదా అని మీరంటారు, 1947లోనే మద్రాసు ప్రభుత్వం గుడి తలుపులు అందరికీ తెరవాలని చట్టం చేసింది, 1950 నుంచి అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణం ఉంది. చట్టం వచ్చింది గానీ మా చింతచెట్టు దాకా రాలేదు. అమ్మ అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకుంటంది. పొద్దు గుంకేసరికి మండపంలోంచి గబ్బిలాలు బిలబిలమని బయటికొస్తున్నాయి, కొన్ని లోపలికి పోతున్నాయి. "అమ్మా, అయ్యి లోపలికి ఎట్టా పోతున్నయ్యే?" అన్నాను. "వాటినడిగేదెవుర్రా" అంది. అంతే. ఇంకో మాట అనలేదు, కొంగులో అరటిపండు కట్టుకొచ్చింది, అది అక్కడ చెట్టు మొదట్లోనే పెట్టి నన్ను తీసుకుని ఇంటికొచ్చేసింది.

తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు గబ్బిలం చదివారు. గుళ్ళో నువ్వు వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు కాస్త దగ్గరగా ఉంటది, పూజారి లేనప్పుడు నా బతుకు కథ ఆయనకి చెప్పు అని అంటాడు ఆ మనిషి. నాలుగు పాదాల తేటగీతి. నాకు క్లాసులో ఏడుపొచ్చింది. మా అమ్మ అడగనిది, చదువు లేక చెప్పలేనిది, 1941లోనే ఒకాయన పద్యం కట్టి పెట్టాడు.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని పంపాడు, భార్య మీద విరహం. జాషువా మనిషికి ఆకలి, అంటరానితనం. రాత్రి గుడిసెలోకొచ్చిన గబ్బిలాన్ని తోబుట్టువులాగా పలకరించి, తెలుగునేల అంతా దారిలో చూపించి శివుడి దగ్గరికి పంపుతాడు. తనని లోపలికి రానివ్వని నేల మీద ఎంత ప్రేమో చూడండి! ఊరిని తిట్టి పంపలేదు, ఊరి అందాలు చూపించి పంపాడు. ప్రకృతి కవిత్వం వేరు, అభ్యుదయం వేరు, భక్తి వేరు అని మనం సిలబస్ కోసం విడగొట్టాం గానీ ఆయన దగ్గర మూడూ ఒకటే పద్యంలో ఉన్నాయి. గిజిగాడిని చూసిన కళ్ళే గబ్బిలాన్నీ చూశాయి. అందరూ ఇంట్లోకొస్తే అపశకునం అని చీపురుతో తోలే జీవి, దాన్ని ఆయన దూతని చేశాడు.

ఇంకో మాట, ఇది నా ఊహ, పుస్తకాల్లో వెతకొద్దు. జాషువా వినుకొండ మనిషి, 1895లో పుట్టాడు. ఆ కొండకి ఆ పేరెందుకొచ్చిందంటే, సీతని ఎత్తుకుపోయిన సంగతి జటాయువు చెప్తే రాముడు విన్న కొండ అని మావైపు చెప్పుకుంటారు. పైన రామలింగేశ్వరుడి గుడి. పక్షి దుఃఖం మోసుకొచ్చి దేవుడికి చెప్పడం, పైన శివుడు. చిన్నప్పటి నుంచి ఆ కొండని చూస్తూ పెరిగినవాడికి గబ్బిలం ఆకాశంలోంచి ఊడిపడలేదని నాకనిపిస్తది.

క్రైస్తవ కుటుంబంలో పెరిగి శివుడికి మొర పెట్టుకున్నాడు, క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నాడు. దేవుళ్ళతో ఆయనకి పేచీ లేదు. బొమ్మల పెళ్ళికి వేలు ఖర్చుపెట్టి పేదోడి గిన్నెలో మెతుకు వెయ్యని మనుషులతోనే పేచీ.

అదంతా అప్పటి సంగతి, ఇప్పుడెందుకు మాస్టారూ అంటారు. గబ్బిలం వచ్చిన 50 ఏళ్ళకి, 1991 ఆగస్టు 6న, అప్పటి మన గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని ఎట్టా చంపారో ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళకి నేను చెప్పాలా? పిల్లలూ, మీకు తెలియకపోతే ఇంటికెళ్ళి అమ్మానాన్నల్ని అడగండి. టీచర్లూ, మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నా, పిల్లలకి గూడు చూపించి గబ్బిలాన్ని దాచొద్దు. ఎవరో ఏదో అనుకుంటారని నాలాగా ఒక్కసారి కూడా దాచొద్దు.

టైమ్ అయిందని చీటీ పంపారు, అయిపోయింది. ఆ గిజిగాడు పాడిన పాప ఎక్కడుందమ్మా? రా తల్లీ, పైకి రా. ఇదిగో పుస్తకం, ఈ పేజీ. రాగం రాకపోయినా పర్లేదు, మామూలుగా చదువు. బాబూ, ఆ మైకు కొంచెం కిందకి దించు, పాపకి అందట్లేదు.