ఒకే కోర్టు, రెండు రూల్ పుస్తకాలు

(బాస్కెట్‌బాల్ కోచ్‌లు, పీఈటీలు, కొత్త రెఫరీల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది పొద్దున మగపిల్లల మ్యాచ్, సాయంత్రం ఆడపిల్లల మ్యాచ్ చేసినవాళ్లే. మధ్యలో మీరు మార్చేదేమిటి? బంతి. వాళ్లకు ఏడో నంబరు, వీళ్లకు ఆరో నంబరు. మనం ఆడించే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో అంతకు మించి పట్టించుకోవాల్సిన తేడా లేదు. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, 24 సెకన్ల షాట్ క్లాక్ (అంతలోపు షాట్ వేయాలి), క్వార్టర్‌లో టీమ్ అంతా కలిపి చేసిన ఐదో ఫౌల్ నుంచి అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. ఎవరు ఆడినా అదే లెక్క.

అమెరికా కాలేజీల్లో అలా కుదరదు. అక్కడ కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మగవాళ్లకో రూల్ పుస్తకం, ఆడవాళ్లకో రూల్ పుస్తకం వేస్తుంది. రెఫరీ ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఎటు కదలాలి అని చెప్పే మాన్యువల్స్ కూడా వేర్వేరే. నేను అక్కడ చిన్న కాలేజీల మ్యాచ్‌లకు విజిల్ వేస్తుంటాను. ఇండియా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "ఆడవాళ్ల మ్యాచ్ అయితే ఈజీ కదండీ?" అని. ఈజీ కాదు. అది వేరే పుస్తకం. ఇంకో మాట చెప్పాలంటే, మీరు అలవాటుపడ్డ ఆటకు దగ్గరగా ఉండేది ఆడవాళ్ల పుస్తకమే. మనకు కొత్తగా కనిపించేది మగవాళ్లది.

ముందు ఫౌల్స్ సంగతి చూద్దాం. తల తిరిగేది అక్కడే.

ఆడవాళ్లు 2015-16 నుంచి నాలుగు క్వార్టర్లు ఆడుతున్నారు. ఐదో టీమ్ ఫౌల్‌కు రెండు ఫ్రీ త్రోలు, క్వార్టర్ అయిపోగానే లెక్క మళ్లీ సున్నా. మగవాళ్లు మాత్రం ఇప్పటికీ ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండే ఆడతారు. హాఫ్‌లో ఏడో ఫౌల్ పడితే "వన్ అండ్ వన్". అంటే మొదటి ఫ్రీ త్రో బుట్టలో పడితేనే రెండోది ఇస్తారు. మొదటిది తప్పితే బంతి లైవ్, రీబౌండ్ కోసం కొట్టుకోవాల్సిందే. పదో ఫౌల్ నుంచి మాత్రం ఎలాగూ రెండు.

కాగితం మీద చిన్న విషయంలాగే ఉంటుంది. కోర్టులో చూడండి. లీడ్ రెఫరీ, అంటే రింగ్ వైపు నిలబడే రెఫరీ, బేస్‌లైన్ దగ్గర బంతి చేత్తో పట్టుకుని ఉంటాడు. లేన్‌కు (రింగ్ ముందు గీసిన పెట్టెకు) రెండు పక్కలా ఆటగాళ్లు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటారు. ఆడవాళ్ల మ్యాచ్‌లో మొదటి ఫ్రీ త్రోకి ఎవరూ కదలక్కర్లేదు, రెఫరీ కూడా ఊపిరి పీల్చుకోవచ్చు. మగవాళ్ల మ్యాచ్‌లో అదే వన్ అండ్ వన్ అయితే మొదటి షాట్ చేయి వదిలిన క్షణం నుంచే లోపల తోపులాట మొదలవుతుంది. ఎవడు ఎవడి చొక్కా లాగాడో అప్పుడే చూడాలి. నిన్న ఒక పుస్తకం, ఇవాళ ఇంకో పుస్తకం అయితే బుర్ర పాత పుస్తకంలోనే ఉండిపోతుంది. అందుకే బంతి ఇచ్చేముందు ఎన్ని షాట్లో గట్టిగా చెప్పమంటారు. ఆ అరుపు ఆటగాళ్లకెంత అవసరమో రెఫరీకీ అంతే అవసరం.

హాఫ్ పద్ధతిలో ఇంకో తలనొప్పి ఉంది. మొదటి ఎనిమిది నిమిషాల్లోనే ఒక టీమ్‌కి ఏడు ఫౌల్స్ పడ్డాయనుకోండి, మిగతా పన్నెండు నిమిషాలూ వాళ్ల ప్రతి మామూలు ఫౌల్‌కీ అవతలివాళ్లు లైన్ దగ్గరకు నడుస్తూనే ఉంటారు. ఆట సాగదు. సైడ్‌లైన్‌లో కోచ్ మీ చెవిలో ఒకటే పాట, "మాకు ఏడు, వాళ్లకు రెండా?" క్వార్టర్లలో ఈ గొడవ పది నిమిషాలకోసారి చల్లారుతుంది. నా ఓటు ఆడవాళ్ల పద్ధతికే.

చివరి నిమిషం లెక్కా వేరే. నాలుగో క్వార్టర్ ఆఖరి 59.9 సెకన్లలో ఆడవాళ్ల టీమ్ టైమౌట్ తీసుకుంటే, రూల్ కుదిరిన చోట బంతిని ఫ్రంట్‌కోర్ట్‌లోకి, అంటే తాము స్కోర్ చేసే రింగ్ ఉన్న సగంలోకి, తెచ్చుకోవచ్చు. మన ఫీబాలో చివరి రెండు నిమిషాల రూల్ లాంటిదే. మగవాళ్లకు ఆ సౌకర్యం లేదు. 1992లో ఫిలడెల్ఫియాలో డ్యూక్, కెంటకీ యూనివర్సిటీల మగవాళ్ల టీమ్‌లు ఆడిన మ్యాచ్ గుర్తున్నవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. ఓవర్‌టైమ్‌లో 2.1 సెకన్లు మిగిలాయి, డ్యూక్ ఒక పాయింట్ వెనక. గ్రాంట్ హిల్ తమ బేస్‌లైన్ నుంచి బంతిని దాదాపు కోర్టంత దూరం విసిరాడు, క్రిస్టియన్ లేట్నర్ అందుకుని తిరిగి వేశాడు, 104-103. ఆడవాళ్ల ఈనాటి రూల్ ఉండి ఉంటే ఆ విసురే అక్కర్లేదు. రెఫరీకి మాత్రం రెండూ వేర్వేరు పరీక్షలు. పొడవాటి పాస్‌లో బంతి మొదట ఎవరి వేలికి తగిలిందో పట్టుకోవాలి, క్లాక్ కదిలేది అప్పుడే. ఫ్రంట్‌కోర్ట్ త్రో-ఇన్‌లో అయితే కాస్త జాగాలోనే పదిమంది, స్క్రీన్ మీద స్క్రీన్ (తమవాళ్లకు దారి చేయడానికి డిఫెండర్‌కు అడ్డంగా నిలబడటం).

అసలు రెండు పుస్తకాలు ఎందుకొచ్చాయి? 1891లో నైస్మిత్ ఆట కనిపెట్టాడు. మరుసటి ఏడాదే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అమ్మాయిలతో ఆడించింది. కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగం వాళ్లు దాటకూడదంది, చేతిలోంచి బంతి లాక్కోకూడదంది. అప్పటి నుంచి ఆడవాళ్ల ఆటను దశాబ్దాల పాటు ఆడవాళ్లే నడిపారు, రూల్స్ వాళ్లే రాసుకున్నారు. ఐదుగురు ఫుల్ కోర్ట్ ఆడటం 1971లో గానీ రాలేదు. ఎన్‌సీఏఏ ఆడవాళ్ల టోర్నమెంట్ పెట్టింది 1982లో. అప్పటికే వాళ్లకు 30 సెకన్ల షాట్ క్లాక్ ఉంది. మగవాళ్లకు షాట్ క్లాకే 1985-86లో వచ్చింది, అదీ 45 సెకన్లతో. తర్వాత 35 అయింది, 30కి దిగడానికి 2015-16 దాకా పట్టింది. కోచ్ ఛాలెంజ్ (రెఫరీ నిర్ణయాన్ని వీడియోలో మళ్లీ చూడమని కోచ్ అడగడం) కూడా ఆడవాళ్లకు 2024-25లో వస్తే మగవాళ్లకు మరుసటి ఏడాది వచ్చింది. మగవాళ్ల ఆటనూ క్వార్టర్లలోకి మార్చాలని ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. అన్నిట్లో ఆడవాళ్లే ముందున్నారని అనను. బంతిని పది సెకన్లలో సగం కోర్టు దాటించాలన్న రూల్ ఆడవాళ్లకు 2013-14 దాకా లేనే లేదు, వింటే మీకు నవ్వొస్తుంది. త్రీ పాయింట్ లైన్‌ను 22 అడుగుల ఒకటీ ముప్పావు అంగుళాలకు మగవాళ్లు 2019-20లో జరిపితే, ఆడవాళ్లు 2021-22లో జరిపారు.

ఇక కాంటాక్ట్. రూల్ పుస్తకం తక్కువ, కన్ను ఎక్కువ పని చేసేది ఇక్కడ. తగిలినదంతా ఫౌల్ కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ రెఫరీలకు నాలుగు మాటలు నేర్పుతారు: రిథమ్, స్పీడ్, బ్యాలెన్స్, క్విక్‌నెస్. తగలడం వల్ల ఈ నాలుగింటిలో ఏదైనా చెడిందా అని చూసుకోవాలి. ఇద్దరికీ ఇదే కొలత. చూడాల్సిన చోటు మారుతుంది. మగవాళ్ల ఆట రింగ్ పైన నడుస్తుంది కాబట్టి గోల్‌టెండింగ్ (రింగ్ వైపు దిగుతున్న బంతిని ముట్టుకోవడం), గాల్లో గుద్దుకోవడం మీద కన్ను ఎప్పుడూ ఉండాలి. ఆడవాళ్ల ఆటలో డంక్ (ఎగిరి బంతిని చేత్తో రింగ్‌లో కుక్కడం) అరుదు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో మొదట డంక్ చేసిన అమ్మాయి క్యాండేస్ పార్కర్, 2006లో. అక్కడ నా కన్ను ఎక్కువగా స్క్రీన్ల మీద, పోస్ట్‌లో (రింగ్ దగ్గర) చేతుల మీద, బంతి కోసం ఒక్కసారిగా దూసుకెళ్లేవాళ్ల నడుము మీద ఉంటుంది. బంతి వెంటే చూసే రెఫరీ ఆడవాళ్ల మ్యాచ్‌లో సగం ఆట చూడడు.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. మార్చి టోర్నమెంట్‌లో మగవాళ్ల మ్యాచ్ రెఫరీకి ఎక్కువ, ఆడవాళ్ల మ్యాచ్ రెఫరీకి తక్కువ ఇచ్చేవారు. 2021లో శాన్ ఆంటోనియోలో ఆడవాళ్లకిచ్చిన జిమ్ ఎంత అన్యాయంగా ఉందో ఒక వీడియోతో లోకమంతా చూశాక, 2022 నుంచి ఇద్దరికీ సమానం చేశారు. విమానం టికెట్ ఆడవాళ్ల మ్యాచ్‌కని చెబితే తక్కువకి ఇస్తారా అన్నట్టుగా అడిగింది సీనియర్ రెఫరీ డీ కాంట్నర్. సీజన్ మ్యాచ్‌లకు మాత్రం ఫీజు నిర్ణయించేది కాన్ఫరెన్స్‌లు, అంటే కాలేజీల లీగ్‌లు. అక్కడ సమానత్వం అందరి దగ్గరా ఒకేసారి రాలేదు.

ఆఖరుగా ఒక విజిల్. 2024 ఏప్రిల్ 5, క్లీవ్‌లాండ్, ఆడవాళ్ల ఫైనల్ ఫోర్, అంటే ఎన్‌సీఏఏ టోర్నమెంట్ సెమీఫైనల్. అయోవా 70, యూకాన్ 69. బంతి యూకాన్‌ది. పేజ్ బెకర్స్ కోసం ఆలియా ఎడ్వర్డ్స్ స్క్రీన్ పెట్టింది, గ్యాబీ మార్షల్ వచ్చి తగిలింది. 3.9 సెకన్లు ఉండగా విజిల్: అఫెన్సివ్ ఫౌల్. మ్యాచ్ 71-69తో అయోవాది. ఆ రాత్రంతా ఒకటే వాదన, అలాంటి చోట విజిల్ మింగేయాలి కదా అని. ఏ ఒక్క ఆటతోనూ మ్యాచ్ పోదని బెకర్స్ స్వయంగా చెప్పినా ఎవరూ వినలేదు. కదిలే స్క్రీన్ రెండు పుస్తకాల్లోనూ ఫౌలే. మొదటి నిమిషంలో ఇచ్చే ఫౌల్‌ను చివరి నిమిషంలో ఇవ్వకపోతే, దాని లాభం స్క్రీన్ పెట్టినవాళ్లకే పోతుంది. నేనైతే ఇచ్చేవాణ్ణి. మీరు ఒప్పుకోకపోవచ్చు.

వీడియో పెట్టమంటున్నాను. మొదటిసారి బంతిని చూడకండి. ఎడ్వర్డ్స్ పాదాలు, మోచేయి చూడండి. రెండోసారి ఆ విజిల్ వేసిన రెఫరీ ఎక్కడ నిలబడ్డారో, అక్కడి నుంచి ఏం కనబడుతుందో చూడండి. తర్వాత చేతులెత్తండి, ఎవరు ఇస్తారో, ఎవరు వదిలేస్తారో లెక్క పెడదాం.