వేడి ఎంత వేగంగా ఎక్కుతోంది?

శ్రోతలకు నమస్కారం.

మే నెల హైదరాబాద్‌లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో డెస్క్‌టాప్ పెట్టుకున్న ఇళ్లలో ఈ రోజుల్లోనే ఫిర్యాదు మొదలవుతుంది: ఫ్యాను హోరుమంటోంది, కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. వెంటనే వైరస్ అనుకుని విండోస్ మళ్లీ ఎక్కించేస్తారు. దయచేసి ఆగండి. ముందు ప్రాసెసర్ వేడి చూడండి.

ప్రాసెసర్‌కి ఒక హద్దు ఉంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి అది 100 డిగ్రీలు. ఆ హద్దు తగలగానే తనను కాపాడుకోవడానికి తన వేగం తనే తగ్గించుకుంటుంది. మీకు కనిపించే నత్తనడక అదే. అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది.

విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేడి కనిపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. తెరిచేటప్పుడు ‘సెన్సార్స్ ఓన్లీ’ అన్నచోట టిక్ పెట్టండి. ‘సీపీయూ ప్యాకేజ్’ అన్న వరుస చూడండి, అదే ప్రాసెసర్ వేడి. అందులోంచి గది వేడి తీసేయండి. జనవరిలో గది 24, ప్రాసెసర్ 70 అనుకుందాం. తేడా 46. మేలో గది 37, ప్రాసెసర్ 83. తేడా మళ్లీ 46. అంటే ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ బాగానే పనిచేస్తోంది, ఎక్కువైంది ఎండే. అదే పనికి తేడా 46 నుంచి 60కి పోయిందా, అప్పుడు లోపల ఏదో చెడింది.

ఏది చెడింది? దుమ్ము పట్టిందా, ప్రాసెసర్ మీద కూలర్ పట్టు వదిలిందా? ఇది తెలుసుకునే పరీక్ష నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీనికి రూపాయి ఖర్చులేదు, మూత కూడా విప్పక్కర్లేదు. ఇంటెల్ ఐ3, ఐ5 ప్రాసెసర్ల పెట్టెలో వచ్చే మామూలు గుండ్రటి కూలర్ గురించి చెబుతున్నాను. భారీ ప్రాసెసర్లు మంచి కూలర్ ఉన్నా చటుక్కున వేడెక్కుతాయి, వాటికి ఈ పరీక్ష వర్తించదు.

సీపీయూ-జెడ్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రామ్‌లో ‘బెంచ్’ పేజీలో ‘స్ట్రెస్ సీపీయూ’ బటన్ ఉంటుంది. అది నొక్కి, వేడి అంకె మీదే కన్ను పెట్టండి. ఎంత ఎక్కింది అని కాదు, ఎంత వేగంగా ఎక్కింది అని చూడండి. 45 నుంచి రెండు మూడు సెకన్లలో 95కి ఎగిరిందా? ఆపగానే అంతే వేగంగా పడిందా? అయితే వేడి హీట్ సింక్ దాకా, అంటే కూలర్‌లోని లోహపు దిమ్మ దాకా, చేరడం లేదు. చిన్న చిప్ ఒక్కటే ఉడుకుతోంది, పైనున్న అల్యూమినియం దిమ్మ చల్లగా కూర్చుంది. అలా కాకుండా ఐదు, పది నిమిషాల పాటు మెల్లమెల్లగా ఎక్కి 90 దగ్గర నిలిచిందా? అయితే వేడి హీట్ సింక్‌లోకి వస్తోంది, గాలి దాన్ని బయటికి మోసుకుపోవడం లేదు. అది దుమ్ము.

మొదటి రకానికి కారణం చాలాసార్లు ఒక ప్లాస్టిక్ పిన్ను. ఇంటెల్ కూలర్‌కి నాలుగు మూలలా నాలుగు నల్ల పిన్నులుంటాయి. క్యాబినెట్‌ని ఆటోలో మోసినా, ఇల్లు మారినా ఒకటి పైకి లేవవచ్చు. ఒక్కటి లేచినా ఆ మూల హీట్ సింక్ ఎత్తుకుంటుంది. పైనుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి, అందుకే కనిపెట్టలేం. ప్లగ్ పీకి, మూత విప్పి, ఒక్కొక్కదాన్ని పట్టుకుని మెల్లగా లాగి చూడండి. కదిలిందంటే అదే.

ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఉంటుంది. ఒకసారి పట్టు వదిలిన పేస్ట్ మీద మళ్లీ నొక్కితే లాభం లేదు. పిన్ను తల మీదున్న బాణం చూపే వైపు పావు మలుపు తిప్పి, నాలుగూ పైకి లాగి, కూలర్ తీయండి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్త థర్మల్ పేస్ట్ కందిగింజంత, మధ్యలో. అంతే, ఎక్కువ వద్దు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో చిన్న ట్యూబు దొరుకుతుంది. ఇప్పుడు పిన్నుల తలలు బాణానికి ఎదురువైపు తిప్పి, ఎదురెదురు మూలల్లో రెండేసి చొప్పున టక్‌మనేదాకా నొక్కండి. వీలైతే మదర్‌బోర్డు వెనక చూడండి: నాలుగు కాళ్లూ బయటికొచ్చి విచ్చుకుని ఉండాలి.

దుమ్ముదైతే సులువు. క్యాబినెట్‌ని బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్ కొట్టండి. ఫ్యాను రెక్కని పెన్సిల్‌తో ఆపి పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. రెక్కలు శుభ్రంగా కనిపించినా నమ్మకండి, దుమ్ము ఫ్యాను కింద, హీట్ సింక్ పలకల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. క్యాబినెట్‌ని టేబుల్ అరలోంచి బయటికి తీసి, వెనక జానెడు ఖాళీ వదలండి. ఎయిర్ కూలర్ మాత్రం దానివైపు తిప్పకండి, తడిగాలి బోర్డుకి మంచిది కాదు.

ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ వాడేవారికి ఒక జాగ్రత్త. ఏఎం4 రకం సాకెట్ ఉన్న బోర్డులో కూలర్‌ని చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే, గట్టిపడ్డ పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి రావచ్చు, దాని అడుగునున్న కాళ్లు వంగవచ్చు. పది నిమిషాలు కంప్యూటర్‌కి పని చెప్పి వేడెక్కించండి, ఆపి ప్లగ్ పీకండి, బిగింపు వదులు చేశాక కూలర్‌ని అటూ ఇటూ కొద్దిగా తిప్పి, పట్టు వదిలాకే పైకి తీయండి.