కాల్పులకు ముందే కోర్టుకు వెళ్లగలిగితే: లూసీ మెక్‌బాత్ ప్రయత్నం

హోస్ట్: అక్కా, జార్జియాలోని మీ జాన్స్ క్రీక్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు కదా. అక్కడి నుంచి అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు వెళ్లిన లూసీ మెక్‌బాత్ గురించి చెప్పండి.

అతిథి: ఆవిడ డెల్టా ఎయిర్‌లైన్స్‌లో ఫ్లైట్ అటెండెంట్‌గా చేసేవారు. 2012 నవంబర్‌లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, పెట్రోల్ బంకు దగ్గర ఆమె కొడుకు జోర్డన్ డేవిస్‌ను కాల్చి చంపారు. 17 ఏళ్లు. కారులో పాటల సౌండ్ ఎక్కువైందని గొడవ.

హోస్ట్: పాటల సౌండ్‌కా!

అతిథి: అంతే. కారులో ఉన్న పిల్లల దగ్గర ఆయుధం కూడా లేదు. చంపినతనికి 2014లో యావజ్జీవ శిక్ష పడింది. ఆవిడ మొదట రాష్ట్ర శాసనసభకు పోటీ చేద్దామనుకున్నారు. 2018లో పార్క్‌లాండ్ స్కూల్ కాల్పులు జరిగాక కాంగ్రెస్‌కే నిలబడ్డారు. దశాబ్దాలుగా రిపబ్లికన్లదైన సీటులో డెమోక్రాట్‌గా గెలిచారు.

హోస్ట్: ఆవిడ పట్టుబట్టేది రెడ్ ఫ్లాగ్ చట్టం కోసమే కదా? అదెలా పనిచేస్తుంది?

అతిథి: ఇంట్లో ఒక మనిషి చచ్చిపోతాననో, చంపేస్తాననో అంటున్నాడు, చేతికందేలా తుపాకీ ఉంది. అప్పుడు ఇంట్లోవాళ్లో పోలీసులో కోర్టుకు వెళ్తారు. జడ్జి ఆధారాలు చూసి, తుపాకీ కొంతకాలం అతని దగ్గర ఉండకూడదని ఆర్డర్ ఇస్తారు. తర్వాత విచారణలో అతనూ తన మాట చెప్పుకోవచ్చు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే తమ్ముడూ. అందుకే ఈ చట్టం నాకు అంత ముఖ్యం. ఆ గండం గడిస్తే మనిషి బతుకుతాడు.

హోస్ట్: మరి దేశమంతటికీ ఈ చట్టం తేవాలన్న బిల్లు పాసయిందా?

అతిథి: 2022 జూన్‌లో ప్రతినిధుల సభలో 224–202తో నెగ్గింది. సెనేట్‌లో ఆగిపోయింది. టెక్సాస్‌లోని ఉవాల్డే స్కూల్లో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన తర్వాతి నెల అది. అదే నెలలో రెండు పార్టీలూ కలిసి వేరే చట్టం తెచ్చాయి. 21 ఏళ్లలోపు వాళ్లు తుపాకీ కొంటే అదనపు తనిఖీ పెట్టారు. రెడ్ ఫ్లాగ్ లాంటి పనులకు రాష్ట్రాలకు 75 కోట్ల డాలర్లు కేటాయించారు.

హోస్ట్: అయితే జార్జియాలో ఇప్పుడు ఆ ఆర్డర్ అడగొచ్చా?

అతిథి: లేదు. ఆవిడ సొంత రాష్ట్రంలోనే ఆ చట్టం లేదు, నాకు కోపం వచ్చేది అక్కడే. ఇంట్లో అలాంటి టెన్షన్ ఉంటే ఆత్మహత్య ఆలోచనలకు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, ప్రాణాపాయమైతే ఎమర్జెన్సీ నంబర్ 911. కోర్టు దారి కావాలంటే అట్లాంటాలోని రాష్ట్ర శాసనసభ కదలాలి. నేను మా ప్రతినిధికి మెయిల్ రాశాను. వీసా మీద ఉండి ఓటు లేనివాళ్లు కూడా రాయొచ్చు.