గెలిచినా దక్కని కొలువు

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

తనను అన్యాయంగా తొలగించారని రుజువు చేసుకున్న ఆచార్యుడికి కూడా కొలువు తిరిగి దక్కకపోవచ్చునని 1958లో డాక్టర్ ఎస్. దత్ కేసు మనకు చూపింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం బర్తరఫ్ చేసిన ఆ ఆచార్యుడి వివాదం విశ్వవిద్యాలయ చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. బర్తరఫ్ చెల్లదని, ఆయన ఇంకా ఆచార్యుడిగా కొనసాగుతున్నట్టేనని వారు తేల్చారు. అయితే వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడానికి, ఒప్పందాల అమలు వంటి పరిహారాలను నిర్దేశించే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం అంగీకరించదన్న కారణంతో సుప్రీంకోర్టు మధ్యవర్తుల ఆ తీర్పును రద్దు చేసింది. ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయిన యజమానిని, పనిమనిషిని ఒకే ఇంట కట్టిపడేయకూడదన్న సూత్రంలో అర్థముంది. చట్టం ద్వారా ఏర్పడి, ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయానికి అదే కొలమానం పెట్టడం మాత్రం నాకు ఏనాడూ సమంజసంగా తోచలేదు.

ఈ సూత్రానికి ఉన్న మూడు మినహాయింపులను 1976లో వైశ్ డిగ్రీ కళాశాల కేసు స్పష్టంగా చెప్పింది: విచారణ లేని తొలగింపు నుంచి రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ ఉన్న ప్రభుత్వోద్యోగి, పారిశ్రామిక చట్టం కిందికి వచ్చే కార్మికుడు, చట్టం సృష్టించిన సంస్థ ఆ చట్టాన్నే ఉల్లంఘించి తొలగించిన ఉద్యోగి. ఉపాధ్యాయులు కార్మికులు కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చడంతో రెండో తలుపు మనకు మూసుకుంది. ఇక మూడోది. చట్టం సృష్టించిన సంస్థ వేరు, ఇతరత్రా ఏర్పడి చట్టనియమాలను పాటించే సంస్థ వేరు అన్నది కోర్టు గీసిన గీత. విశ్వవిద్యాలయం మొదటి కోవలోకి వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని షామ్లీలో ఉన్న వైశ్ కళాశాల విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, దాని నిబంధనలకు లోబడి నడుస్తున్నా, సొసైటీగా రిజిస్టరైన సంస్థ కనుక రెండో కోవలోకి వచ్చింది. అందుకే దాని ప్రిన్సిపాల్‌కు కొలువు తిరిగి దక్కలేదు. ఒకే సిలబస్ బోధించి, ఒకే పరీక్షకు విద్యార్థులను సిద్ధం చేసే ఇద్దరు అధ్యాపకులలో ఒకరికి రక్షణ ఉండి, మరొకరికి లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

1989లో ఆండీ ముక్త కేసు కొంత ఊరటనిచ్చింది. గుజరాత్ విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలను నడిపిన ట్రస్టు మీద కూడా, అది ప్రజల పట్ల ఒక విధిని నిర్వర్తిస్తున్నందున, 226వ అధికరణ కింద హైకోర్టు మాండమస్ రిట్ (విధిని నెరవేర్చమనే ఆదేశం) జారీ చేయవచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ గమనించండి: ఆ కళాశాలను యాజమాన్యం అప్పటికే మూసివేసింది. ఆ అధ్యాపకులు జీతం బకాయిలు, ఉద్యోగానంతరం రావలసిన సొమ్ము కోరారు. తిరిగి చేరడానికి వారికి తరగతి గదే మిగల్లేదు.